కోల్బర్టు మంత్రియు, లేసు పూవులును

మన బరంపురమున పుట్టి పెరిగిన బిడ్డకు బట్టపై అందము మగ్గమున పుట్టునని తెలియును. పట్టుచీర అంచున కుంభములు బారులు తీరి లేచుటను మనము చిన్ననాటినుండి చూచుచునే యున్నాము. కాని మగ్గము లేకుండ, అసలు బట్టయే లేకుండ, ఒక సూదిని, ఒక దారమును మాత్రము చేతబట్టి ఆకులను, తీగలను, పూవులను శూన్యమున నిలిపిన పనివారు ఐరోపాఖండమున నుండిరి. ఆ పనిని సూదిలేసు అందురు. వెనీసు నగరమువారు తొలిదినములలో దీనికి గాలిలో కుట్టు అను అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. ఆ పనిని వెనీసునుండి తన దేశమునకు రప్పింపవలెనని పట్టుబట్టి, శాసనములు చేయించి, ధనము వెచ్చించి, ఒక చిన్నపట్టణపు స్త్రీలతో కలహము తెచ్చుకొని, తుదకు సాధించిన మంత్రి ఒకడు కలడు. అతడు ఫ్రాన్సు రాజగు పదునాలుగవ లూయీ కొలువులోని కోల్బర్టు. మన చరిత్రపాఠములలో ఇతని పేరు ఒక్కమారు వచ్చును. 1664లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీని స్థాపింపజేసినవాడని చదివి పుట త్రిప్పుదుము. పుట త్రిప్పక ఆగినచో తెలియవలసినది చాల యున్నది.

జీన్ బాప్టిస్టు కోల్బర్టు 1619వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఫ్రాన్సు దేశపు ఈశాన్యభాగమందలి రీమ్సు పట్టణమున జన్మించెను. వారిది వర్తక కుటుంబము. బట్టల వ్యాపారమున, వడ్డీవ్యాపారమున పేరు గడించినవారు. గొప్ప పదవికి వచ్చిన పిమ్మట తమ వంశము స్కాట్లండు ప్రభువులనుండి దిగివచ్చినదని అతడు వంశవృక్షమును కల్పించుకొనెను. బట్టలవర్తకుల బిడ్డనని చెప్పుకొనుటకు సిగ్గుపడెను గాబోలు. నిజమునకు ఆ అంగడియే అతనికి అసలైన బడి యని నా తలంపు. ఏ సరకు ఏ ఊరినుండి వచ్చుచున్నది, దాని వెల యెంత, ఆ వెల ఎవరి చేతికి పోవుచున్నది అను మూడు ప్రశ్నలను అతడు జీవితాంతము విడువలేదు.

యౌవనమున కచ్చేరిలో చిన్న ఉద్యోగములు చేసి, 1651లో ప్రధానమంత్రియగు మజారినుకు ఆంతరంగికుడై అతని సొంత ఆస్తిని చూడసాగెను. మజారిను ఆస్తి కొండవలె పెరిగెను. 1661 మార్చిలో మజారిను మరణించెను. ఇరువదిరెండేండ్ల లూయీ రాజు ఇకపై ప్రధానమంత్రి లేకుండ తానే పాలింతునని నిశ్చయించుకొనెను. అప్పటి కోశాధికారి ఫూకే మహావైభవముతో బ్రదుకుచు, తాను కట్టించిన క్రొత్త మేడలో రాజునకే కన్నుకుట్టునట్టి విందు చేసెను. రాజుగారి ధనమెక్కడ, ఫూకే ధనమెక్కడ అను లెక్కలను కోల్బర్టు అప్పటికే సిద్ధము చేసి యుంచెను. విందు జరిగిన మూడువారములలో ఫూకే చెరపట్టబడెను. 1680లో చెరసాలలోనే మరణించెను. కోల్బర్టు కోశమునకు వచ్చెను. 1665 నాటికి ఆర్థికవ్యవహారములన్నిటికి సర్వాధికారియై, 1669లో నౌకాశాఖను గూడ చేపట్టెను. నల్లని దుస్తులు ధరించి, నవ్వక, దినమునకు పదునైదు గంటలు పనిచేయువాడు. కొలువులో ఒక చమత్కారిణి అతనికి ఉత్తరదిక్కు అని పేరు పెట్టెను. ఆ దిక్కునుండి చలిగాలియే గదా వీచునది.

అట్టివానికి లేసుతో పని యేమి? ఆ కాలపు ఫ్రెంచి ప్రభువులు, పురుషులు సైతము, మెడకు, ముంజేతులకు, మోకాళ్లకు, తుదకు పాదరక్షలకు గూడ లేసు ధరించుచుండిరి. అందు మేలైనది వెనీసునుండి, ఫ్లాండర్సునుండి వచ్చుచుండెను. వెండియు బంగారమును సరిహద్దు దాటి పోవుచుండెను. పూర్వపు రాజులు లేసు ధరింపరాదని పదేపదే ఆజ్ఞలు చేసిరి. 1660లోను అట్టి ఆజ్ఞ యొకటి వెలువడెను. ఎవరును లెక్కచేయలేదు. సొగసును శాసనముతో మాన్పింపజాలమని కోల్బర్టు గ్రహించెను. మాన్పించుటకు మారుగా ఇంటనే చేయించినచో, ధనము దేశముననే నిలుచును, బీదయింటి ఆడుబిడ్డలకు కూలి దొరకును అని అతని లెక్క.

ఇచట ఆ పనియొక్క తీరు కొంత చెప్పవలెను. చెప్పకున్నచో అది ఎందుకంత వెలగలదో బోధపడదు. మన ఇండ్లలో కొక్కెపు సూదితో అల్లు లేసు వేరు, ఇది వేరు. కండెలకు దారము చుట్టి దిండుపై అల్లు లేసు మఱియొకటి కలదు; ఇది అదియును కాదు. మొదట చిత్రకారుడు పూవులను, తీగలను కాగితముపై గీయును. ఆ గీతలను దళసరి తోలుపత్రముపై సూదితో దగ్గరదగ్గరగా పొడుతురు. పత్రము క్రింద రెండు మడతల బట్టను చేర్చి, పొడిచిన గీతవెంట అవిసెనార దారమును పరచి, సన్నని కుట్లతో పత్రమునకు బిగింతురు. ఇది బొమ్మకు ఎముకలగూడు వంటిది. దానిపై మన దరజీలు గుండీరంధ్రమునకు వేయు కాజాకుట్టునే వేలకొలది వేసి రేకులను నింపుదురు. దట్టముగా వేసిన చోట ఆకు తెల్లగా నిండును. విడివిడిగా వేసిన చోట వెలుగు దూరును. పూవునకు పూవునకు నడుమ సన్నని వల యల్లుదురు. రేకుల అంచులకు మరల కుట్టువేసి ఉబ్బెత్తుగా లేపుదురు. అంతయు ముగిసినపుడు రెండు మడతల బట్టనడుమ పదునైన కత్తిని పోనిచ్చి, మొదట బిగించిన కుట్లను తెగగోయుదురు. పత్రము ఒకవైపు, బట్ట ఒకవైపు పడును. చేతిలో పూవులు మిగులును. వాని వెనుక ఏ ఆధారమును లేదు.

వెనీసు లేసులోని పూవులు ఏ తోటలోను పూయవు. దానిమ్మను, తామరను, తులిపాను పోలియుండి మూడింటిలో ఏదియు కాని లావుపాటి పూవులవి. వానిని చుట్టుకొనుచు సముద్రపు అలవలె తిరుగు ఆకులు. ఫ్రాన్సులో చేయించిన నమూనాలలో ఆ ఉబ్బు తగ్గి, కుడియెడమలు సరితూగు తీగలును, లూయీ రాజునకు గురుతైన సూర్యబింబమును వచ్చి చేరెను. తరువాతి శతాబ్దమున చిన్నచిన్న పూరెమ్మలు వచ్చినవి. లేసు వయస్సును పూవును బట్టి చెప్పగల పండితులు నేటికిని కలరు.

కోల్బర్టు 1665 ఆగస్టు 5వ తేదీన రాజశాసనము వెలువరింపజేసెను. రీమ్సు, సెదాను, అర్రాసు, ఓరియాకు, అలాన్సోను మున్నగు పట్టణములలో లేసు కర్మశాలలు నెలకొల్పబడవలెను. ఒక కంపెనీకి మాత్రమే ఈ పనిపై హక్కు. వెనీసు లేసును అమ్మరాదు, ధరింపరాదు. ఇచట చేసిన దానిపేరు ఫ్రాన్సు లేసు. వెనీసులోని ఫ్రెంచి రాయబారిచేత పనిగత్తెలను రహస్యముగా సమాధానపరచి కొందరిని రప్పించిరి. వెనీసు ప్రభుత్వమునకు మండిపడెను. దేశము విడిచిన పనివారు మరలి రావలెననియు, రానిచో వారి బంధువులను చెరపట్టుదుమనియు ఆజ్ఞ చేసినట్లు చెప్పుదురు. ఒక కుట్టుకొరకు రెండు రాజ్యములు పోరాడినవనిన, ఆ కుట్టు నేర్చిన స్త్రీ చేతుల విలువ ఎంతటిదో ఊహింపవచ్చును. ఆ విలువలో ఆమెకు దక్కినది దినకూలి మాత్రమే.

ఇక నార్మండీ సీమయందలి అలాన్సోను కథ. కోల్బర్టు జీవితచరిత్రలు వ్రాసినవారు దీనిని రెండు పంక్తులలో ముగింతురు. నాకు మాత్రము ఇదియే ముఖ్యముగా తోచును. ఆ పట్టణమునకు లేసు క్రొత్త కాదు. అచటి స్త్రీలు తరతరములుగా తోలుపత్రముపై సూదిపని చేయుచుండిరి. కోల్బర్టు శాసనమునకు కొన్నియేండ్ల ముందే లా పెర్యేరు అను నేర్పరి స్త్రీ వెనీసు లేసును చూచి, దాని మర్మమును తానే కనిపెట్టి, అటువంటిదే చేసి, ఇరుగుపొరుగు వారికి నేర్పెను. రాయబారి సాయము లేదు, రాజధనము లేదు. అలాన్సోనులోను చుట్టుపట్టులను ఎనిమిదివేలమందికి పైగా ఈ పనిచే బ్రదుకుచున్నారని ఆ సీమ అధికారి ఫావియే 1665లోనే కోల్బర్టునకు వ్రాసెను. తల్లులు, కూతుండ్రు, వృద్ధులు గూడ తమ ఇండ్లలో, గుమ్మముల ముందర, వంటకు వంటకు నడుమ దొరకిన వేళలో కుట్టి, అమ్ముకొని, పన్ను చెల్లించుచుండిరి.

అట్టి ఊరికి కంపెనీ ఏజెంటు వచ్చి, ఇక మీదట ఈ పని కంపెనీకే చేయవలెను, కంపెనీ శాలలోనే చేయవలెను, వేరొకరికి అమ్మరాదు అని చాటించెను. స్త్రీలు తిరుగబడిరి. వందలకొలది గుంపుగూడి ఏజెంటుపైకి పోయిరి. అతడు అధికారి అండ చేరి బ్రదికి బయటపడెను. చేతిలో సూదితప్ప వేరాయుధము లేనివారు సూర్యునివంటి రాజు శాసనమును ఎదిరించిరి. వారి వాదము సులువైనది. పని మాది, మీరు నేర్పినది కాదు. దానినే మాకు వరముగా ఇచ్చుచున్నట్లు తెచ్చి, మా ఇంటనుండి లాగుకొనుట యేమి న్యాయము? ఫావియే బుద్ధిమంతుడు. స్త్రీలను శిక్షింపుడని వ్రాయక, ఇన్నివేలమంది కూడు చెడగొట్టిన రాజునకు వచ్చు లాభము లేదని విన్నవించెను. తుదకు రాజీ కుదిరెను. కంపెనీకి వలసిన కొందరు కన్యలను ఎన్నుకొని శాలకు పంపవలెను. తక్కినవారు తమ పాతపనిని తమ ఇండ్లలో మునుపటివలె చేసికొనవచ్చును.

కోల్బర్టు ఈ రాజీని ఒప్పుకొనుట అతని గొప్పతనమా, గత్యంతరము లేకయా? రెండవదే యని నేననుకొందును. ఏలయన ఇతర పట్టణములలో అతడు పట్టు సడలింపలేదు. ఒసేరు పట్టణపు తల్లిదండ్రులు బిడ్డలను లేసుశాలకు పంపుట లేదని ఏండ్లతరబడి అచటి అధికారులకు ఉత్తరములు వ్రాసి విసిగించెను. ఆ ప్రజల సోమరితనమే అడ్డమని అతని నమ్మకము. చంటిబిడ్డను చంకనెత్తుకొని, పొలము పని, పొయ్యి పని ముగించి, దీపపు వెలుగున కన్నులు చెడగొట్టుకొనుచు కుట్టు స్త్రీని ఆ మంత్రి ఎన్నడును చూచి యుండడు. లెక్కల పుస్తకము ఎంత గొప్పదైనను అందు ఈ కష్టమునకు గడి యుండదు.

అయినను పని వేళ్లూనెను. పదియేండ్లలో ఫ్రెంచి లేసు వెనీసు లేసును కొలువునుండి వెడలగొట్టెను. వెనీసువారే ఫ్రెంచి నమూనాలను చూచి కుట్టవలసి వచ్చెను. 1675లో కంపెనీ హక్కుకాలము ముగిసెను. ఎవరికివారు స్వేచ్ఛగా చేసికొనసాగిరి. కాలక్రమమున ఫ్రాన్సు లేసను సర్కారుపేరు వెనుకబడి, పనివారి ఊరిపేరే నిలిచెను. నేడు లోకము దానిని అలాన్సోను లేసనియే పిలుచును.

లేసుతోపాటు అద్దములపనిని సైతము కోల్బర్టు వెనీసునుండి తెప్పించెను. చిత్రకంబళముల శాలను, శాస్త్రపరిషత్తును, ఖగోళవేధశాలను స్థాపింపజేసెను. మధ్యధరాసముద్రమును అట్లాంటికు వైపు నదులతో కలుపు మహాకాలువ అతని ప్రాపున 1681లో పూర్తియయ్యెను. సామాన్యులపై బడు ప్రధానమైన పన్నును కొంత తగ్గించి, నడుమ తినువారిని అణచి, రాజాదాయమును పెంచెను. ఇవి వెలుగు. చీకటియు కలదు. తెడ్ల యోడలు లాగుటకు నేరస్థులను పంపుడని న్యాయాధిపతులను ఒత్తిడి చేసెను. ఫ్రెంచి దీవులలో నీగ్రో బానిసలపై 1685లో ప్రకటింపబడిన క్రూరశాసనమునకు ముసాయిదా వేయించినవాడితడే. అతని దృష్టిలో మనుష్యుడు దేశసంపదకు పనికివచ్చు పనిముట్టు.

మన ప్రాంతమునకు అతని కథ ఎట్లు తగులునో యిక చూతము. 1664లో స్థాపితమైన ఫ్రెంచి కంపెనీ మొదట సూరతులో కోఠీ పెట్టెను. పిమ్మట 1669లో, కంపెనీ కొలువులోని మర్కారా అను ఆర్మీనియా వర్తకుడు గోలకొండ సుల్తాను వద్ద ఫర్మానా సంపాదింపగా, మచిలీపట్టణమున కోఠీ వెలసెను. తెలుగువారు పరాసులని పిలిచిన ఫ్రెంచివారు ఇట్లు తెలుగుతీరమున దిగిరి. వారిక్కడ కొన్నది ముఖ్యముగా బట్టలు. అందును కలంకారీ అద్దకములు. చిరివేరు ఎఱుపుతో, నీలిమందుతో, కలముతో గీసి, అచ్చుతో అద్ది, ఏటినీట ఉతికి ఎండవేసిన ఆ బట్టలపైనను తీగలు, ఆకులు, ఏ తోటలోను పూయని పెద్దపూవులు. వెనీసు సూదియు, మచిలీపట్టణపు కలమును ఒకదాని నొకటి ఎఱుగవు; పూవులు మాత్రము అక్కాచెల్లెండ్రవలె నుండును. ఫ్రెంచి స్త్రీలు ఆ అద్దకములపై మోజుపడిరి. రంగు ఉతికినను పోదు, పట్టుకంటె చవుక.

కోల్బర్టు చివరి యేండ్లు సుఖముగా గడువలేదు. 1672లో రాజు హాలండుపై యుద్ధమునకు దిగెను. కూడబెట్టినదంతయు ఫిరంగులపాలయ్యెను. తగ్గించిన పన్నులను తానే మరల పెంచవలసి వచ్చెను. రాజు వర్సేల్సు భవనముపై పోయుచున్న ధనమును తగ్గింపుడని వేడుకొనినను వినలేదు. అతడు 1683 సెప్టెంబరు 6వ తేదీన పారిసులో కన్నుమూసెను. పన్నులభారముచే కసియెత్తిన జనము శవముపై పడుదురేమోయని జడిసి, రాత్రివేళ కాపలాల నడుమ అతనిని ఖననము చేసిరి.

అతడు పోయిన మూడేండ్లకు, 1686లో, అతని తరువాతి మంత్రులు అతని తర్కమునే తీసికొని ఇంకొక శాసనము చేసిరి. ఇండియానుండి వచ్చు అద్దకపు బట్టలు ఫ్రాన్సులో అమ్మరాదు, వానిని అనుకరించి ఫ్రాన్సులో అద్దరాదు, అచ్చుదిమ్మెలను పగులగొట్టవలెను. పట్టు, ఉన్ని నేతవారి కూలి నిలుపుటకని చెప్పిరి. లేసు విషయమున అలాన్సోను బిడ్డ నోటికి ముద్ద అందించిన సూత్రమే, ఇచట మచిలీపట్టణపు అద్దకపువాని నోటినుండి ఆ ముద్దను తీసివేయజూచెను. నిషేధము డెబ్బదిమూడేండ్లు నిలిచెను. దొంగచాటుగా బట్టలు పోవుచునే యుండెను. 1753లో ఉత్తరసర్కారులు బుస్సీకి లభించి, మన గంజాంతో కూడిన చికాకోలు సర్కారు కోల్బర్టు నాటిన కంపెనీ చేతిలోనికే వచ్చెను. బొబ్బిలియుద్ధపు బుస్సీ యితడే. ఫ్రాన్సులో అద్దకములపై నిషేధము తొలగినది 1759లో. ఆ యేటనే ఏప్రిలులో మచిలీపట్టణము ఇంగ్లీషువారి వశమై, సర్కారులు ఫ్రెంచివారి చేజారినవి. తలుపు తెరచునప్పటికి అంగడి చేతిలో లేదు.

తెలుగుదేశమునకు లేసుపని పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలతో వచ్చెను. అది సూదిలేసు కాదు, నూలుదారముతో కొక్కెపు సూదితో అల్లునది. గోదావరి డెల్టాలో నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో వేలకొలది స్త్రీలు నేటికిని అల్లుచున్నారు. అందును పూవులు, ఆకులే ప్రధానము. వర్తకులు దారమిత్తురు, స్త్రీలు ఇంట అల్లుదురు, సరకు సముద్రములు దాటును. మరియా మీసు అను జర్మను విదుషి అచటికి వచ్చి, వారి బ్రదుకులను పరిశీలించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. దినమంతయు అల్లుచున్నను వారిని పనివారుగా గాక ఊరక ఇంటనుండు గృహిణులుగా ఎంచుటచేతనే కూలి అంత తక్కువగా నున్నదని ఆమె చూపెను. ఇంటనే పనిచేసికొను హక్కుకై అలాన్సోను స్త్రీలు పోరాడిరి. ఇంట చేయుటచేతనే నరసాపురపు స్త్రీల పని లెక్కకు రాలేదు. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను.

అలాన్సోనులో ఆ పని ఫ్రెంచి విప్లవముచే కుంగి, నెపోలియను కాలమున తేరుకొని, యంత్రపు లేసు వచ్చిన పిమ్మట మరల క్షీణించినది. 1976లో ఫ్రెంచి ప్రభుత్వము అచట జాతీయశాల నొకదానిని స్థాపించెను. 2010లో యునెస్కో ఆ పనిని మానవజాతి సంప్రదాయ సంపదలలో చేర్చెను. శాలలోని పనిగత్తెలు కొలదిమందియే. తోలుపత్రము, కాజాకుట్టు, రెండు మడతల బట్టనడుమ కత్తి, అన్నియు మునుపటివే. పని పూర్తిగా పట్టుబడుటకు ఏడునుండి పదియేండ్లు పట్టును. తపాలాబిళ్లలో సగమైనను లేని పూవునకు, చదరపు సెంటీమీటరు ఒకటికి ఏడు గంటల వంతున, దినములే కావలెను.